ఎటు తిప్పితే అటు

పళ్ళ ల్యాబ్,
మధ్యాహ్నం భోజనాల వేళ

వదినా,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోనుండగా ఈ కాగితాల గోలేంటి అనుకుంటావని తెలుసు. నీ ఫోనొస్తే మీ తమ్ముడు చెప్పులేసుకుని బయటికెళ్ళిపోతారు. "పాలు తెస్తా" అంటారు. ఇంట్లో పాలున్నా అంతే. నువ్వు ఫోను చేసిన రోజల్లా మా ఇంట్లో పాలు ఏరులై పారుతుంటాయి. మాది రెండు గదుల ఇల్లు. నేను నీతో ఏం మాట్లాడినా మా పెద్దది పిడుగు చెవిన పడుతుంది, పిడుగు చెవిన పడితే వీధి చెవిన పడ్డట్టే. అందుకే ఇక్కడ కూర్చుని రాస్తున్నా. నా బల్ల మీద ఊళ్ళో వాళ్ళందరి కట్టుడు పళ్ళూ ఉన్నాయి గానీ ఒక్క నోరూ లేదు. రహస్యం చెప్పుకోడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

రహస్యం ఏంటంటే, నేను కారు నడపడం నేర్చుకుంటున్నా.

మా కారు సంగతి నీకు చెప్పాలా! ఆ రోజు గుద్దుకున్నాక బాగుచేయించి తెచ్చి కింద షెడ్డులో పెట్టారు. గుడ్డ కప్పేశారు. అంతే, మళ్ళీ తియ్యలేదు. అమ్మేద్దామంటే ఊఁ అనరు, నడపమంటే ఉలకరు పలకరు. రోడ్లేసే ఆఫీసులో కూర్చుని పొద్దస్తమానం రోడ్లు గీసే మనిషి, తను మాత్రం రోడ్డెక్కరు. బస్సులో వెళ్ళి బస్సులో వస్తారు. చిన్నాడు బొండాం అయితే ఆ గుడ్డ కింద ఏదో జంతువు పడుకుందనుకుంటున్నాడు. పక్కనుంచి వెళ్ళేటప్పుడు నోటి మీద వేలేసుకుని "ష్" అంటాడు, లేస్తుందని.

ఆ రోజు గురించి ఈయన ఇంతవరకూ నాతో ఒక్క మాట చెప్పలేదు వదినా. ఎదురుగా లారీ అదుపు తప్పిందనీ, ఈయన స్టీరింగు తిప్పేసరికి నువ్వు కూర్చున్న వైపు వెళ్ళి చెట్టుకి గుద్దుకుందనీ పోలీసులు చెబితే విన్నాను. ఈయనకి గీత కూడా పడలేదు. పడుంటే బాగుండేదేమో అనిపిస్తుంది ఒక్కోసారి, తప్పుగా అనుకోకు. నువ్వు ఆస్పత్రి నుంచి మీ ఊరెళ్ళిపోయి రెండేళ్ళు కావస్తోంది. ఈయన ఒక్కసారి కూడా వచ్చి నీ మొహం చూడలేదు. నేనొక్కదాన్నే పిల్లల్నేసుకుని వద్దామంటే, కారులో ఒక పూట పట్టే దారికే బస్సు మారి బస్సు, రైలు మారి రైలు. ఈ కోతులతో అది అయ్యే పని కాదు.

అందుకే కారు. నేర్పే ఆయన మంచివాడే గానీ, నేను గేరు మార్చిన ప్రతిసారీ "ఇది వడ్లు దంచే రోకలి కాదమ్మా" అంటాడు. మైనంతో పళ్ళు చెక్కే చేతులివి, ఎంత సున్నితమైన చేతులో ఆయనకేం తెలుసు!

పిడుగు ఒకటో తరగతికొచ్చింది. కనిపించిన బోర్డల్లా పైకి చదివేస్తోంది. బొండాంకి మూడు నిండబోతున్నాయి, కుడేదో ఎడమేదో ఇంకా తెలీదు. నీ కాలు ఎలా ఉంది? నిజం చెప్పు. జవాబు ల్యాబ్ అడ్రసుకి రాయి.

నీ మరదలు

*

స్కూలు, గ్రౌండు పక్క గది

మరదలు పిల్లా,

నీ ఉత్తరం స్టాఫ్ రూంలో విప్పి చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే లెక్కల మాస్టారు అదోలా చూశాడు. ఇంతకాలానికి మా ఇంటికొచ్చిన కోడలికి బుద్ధి పుట్టింది! నేర్చుకో, బాగా నేర్చుకో. ఒక్కటే చెప్తాను విను. ఎదుటివాడు ఎటెళ్తాడో వాడి కళ్ళు చూస్తే తెలీదు, వాడి బండి చక్రం చూస్తే తెలుస్తుంది. కబడ్డీలో కూడా ఇంతే, కూతకొచ్చిన పిల్ల మొహం చూడకూడదు, పాదం చూడాలి.

నా కాలు గురించి బెంగపెట్టుకోకు. అది నాకంటే ఆరోగ్యంగా ఉంది. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషిని కదా, పొద్దున్నే విజిలు మెళ్ళో వేసుకుని గ్రౌండంతా తిరగందే నాకు టీ కూడా సయించదు. మొన్న ఆడపిల్లల్ని రిలే పరుగుకి తయారుచేశాను. నలుగురూ జింకల్లాంటి పిల్లలు. కర్ర అందుకునేటప్పుడు మాత్రం పెళ్ళిచూపుల్లో కాఫీ అందుకున్నట్టు సిగ్గుపడిపోతారు. తిట్టి తిట్టి నా గొంతు పోయింది.

ఇక వాడి సంగతి. నువ్వు వాణ్ణి తొందరపెట్టకు. చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టి మంచం కింద దూరాడు. అమ్మ బతిమాలింది, నాన్న బెదిరించాడు, నేను చీపురు పెట్టి పొడిచాను. రాలేదు. అందరం విసుగెత్తి భోజనాలకి కూర్చుంటే వాడే వచ్చి తన కంచం తను తెచ్చుకున్నాడు. వాడి తీరంతే. నేను ఫోను చేసినప్పుడల్లా బాగున్నానని వాడికి చెప్పమని నీకు చెప్తూనే ఉన్నా కదా. చెప్తున్నావా? నేను బాగున్నానని వాడికి ఎంత గట్టిగా తెలిస్తే అంత తొందరగా మామూలు మనిషవుతాడు.

పిడుగుకి కొత్త బూట్లు కొని పంపుతున్నాను. సైజు ఊహించి కొన్నా. పట్టకపోతే తిట్టుకోకు, పిల్లని చూసి ఎంతకాలమైందో నువ్వే అన్నావు.

మీ వదిన

*

ఇల్లు,
ఆదివారం, పిల్లలు నిద్రపోతున్న మధ్యాహ్నం

వదినా,

లైసెన్సు వచ్చింది. వచ్చిన వారానికే కారు తీశాను. ఇది ఇంటి నుంచే రాస్తున్నా, మీ తమ్ముడు పక్క గదిలోనే ఉన్నారు. అంత జరిగాక ఇక దాచేదేముంది.

శుక్రవారం పొద్దున్న పిడుగు స్కూల్లో తేనెటీగలు లేచాయని పిల్లల్ని గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేశారు. ల్యాబ్‌లో కరెంటు పని జరుగుతోంది, నాకూ సెలవే. మన పిడుగేమో రెండు జడలేసుకుని, బూట్లు తొడుక్కుని (సరిపోయాయి, కాస్త వదులు), నీళ్ళ సీసా మెళ్ళో వేసుకుని గుమ్మంలో నిలబడింది. "నేను తయారైపోయాను. ఎక్కడికో ఒక చోటికి తీసుకెళ్ళండి" అంది. అరగంట బతిమాలాను. బూటు విప్పనంటే విప్పనంది. ఎక్కడికో ఒక చోటికి!

నాకప్పుడు ఏం పూనిందో తెలీదు. తాళాలు తీసుకుని కిందికి దిగి గుడ్డ లాగేశాను. మెకానిక్కుని పిలిపించి బ్యాటరీ ముందే మార్పించి ఉంచానులే, ఈయన ఆఫీసులో ఉండగా. బొండాం "లేచింది! లేచింది!" అని గంతులు. ఈయన ఆఫీసు బ్యాగు పట్టుకుని మెట్లు దిగుతూ చూసి అక్కడే ఆగిపోయారు.

"ఎవరు నడుపుతారు?"

"నేను."

లైసెన్సు చూపించాను. అందులో ఫొటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫొటో చూశారు, చెక్‌పోస్టులో వాళ్ళలాగా. "వద్దు" అన్నారు. నేనేదో అనేలోపు పిడుగు అందుకుంది. "నాన్నా, నువ్వు బస్సులో వెళ్ళిపో. మేం కారులో వెళ్తాం. సాయంత్రం కలుద్దాం."

ఆ మాటకి వచ్చి వెనక సీట్లో పిల్లలిద్దరి మధ్యా కూర్చున్నారు వదినా. చెరో చెయ్యీ ఇద్దరి మీదా వేసి, ఒళ్ళో ఆఫీసు బ్యాగు పెట్టుకుని, కళ్ళు రోడ్డు మీద పెట్టి. ఆఫీసుకి ఫోను చేసి ఒంట్లో బాగాలేదన్నారు. అబద్ధం కూడా కాదు, మొహం చూస్తే అలాగే ఉంది.

ఎక్కడికెళ్ళాలో నాకూ తెలీదు. సరే, ప్రతి కూడలి దగ్గరా ఒకళ్ళు చెప్పండి, ఎటు తిప్పమంటే అటు తిప్పుతా అన్నాను పిల్లలతో. పిడుగు చక్కగా కుడి, ఎడమ అని చెప్పింది. బొండాం ఏ చేతిలో బిస్కెట్టుంటే ఆ చెయ్యి చాపుతాడు. ఆ లెక్కన ఒకే పెట్రోలు బంకు ముందునుంచి మళ్ళీ మళ్ళీ తిరిగాం. చివరికి బంకు కుర్రాడు మాకు చెయ్యి ఊపాడు. మీ తమ్ముడికి నవ్వొచ్చింది. అద్దంలో చూశాను. నేను చూశానని తెలిసి మళ్ళీ బిగబట్టుకున్నారు.

ఊరు దాటాక పిడుగు వాంతి చేసుకుంది. ఎక్కడ చేసుకుందో ఊహించు. ఆఫీసు బ్యాగులో. ఈయనే చప్పున బ్యాగు తెరిచి పట్టుకున్నారు, అదీ ఆయన తెలివి. లోపలున్న మ్యాపులు ఏ ఊరివో పాపం, ఆ ఊరికి ఈ ఏడు రోడ్డు పడదు. బ్యాగుని కాలవలో కడిగి డిక్కీ మీద ఆరేసుకుని బయల్దేరాం. తర్వాత బొండాం ఒక చెప్పు కిటికీలోంచి పారేశాడు. దానికోసం వెనక్కెళ్ళి వెతుకుతుంటే రెండోది కూడా పారేశాడు, జతగా ఉంటుందని కాబోలు. రెండూ దొరకలేదు.

రైలు గేటు దగ్గర ఎత్తు మీద బండి ఆగిపోయింది. స్టార్టు చేస్తే వెనక్కి జారుతోంది. వెనక లారీ హారను మీద హారను. చేతులు చెమటలు పట్టి స్టీరింగు జారిపోతోంది. దిగి పారిపోదామనిపించింది, ఒట్టు. అప్పుడు వెనక సీట్లోంచి, చాలా నెమ్మదిగా, "హ్యాండ్ బ్రేకు వెయ్యి. లారీని మర్చిపో. వాడు ఎదురుచూస్తాడు. ఇప్పుడు క్లచ్చు కొంచెం వదులు, బండి వణుకుతుంది, వణకనీ. ఇప్పుడు బ్రేకు తియ్యి" అన్నారు. బండి పాములా పైకెక్కింది. ఆయన గొంతు అలా విని ఎన్నాళ్ళయిందో! అక్కడ్నుంచి తనే చెప్పుకుంటూ వచ్చారు, ఈ మలుపు దాటితే కల్వర్టు, ఆ తర్వాత దిగుడు అని. ఎప్పుడో కాగితం మీద గీసిన రోడ్లట అవన్నీ. చెట్టు కింద ఆగి బ్రెడ్డూ, ఉడికించిన గుడ్లూ, అరటిపళ్ళూ తిన్నాం. నాలుగు మెతుకులు ఎక్కువ తినే మనిషి కాదు, ఆ రోజు బొండాం వదిలేసిందంతా కూడా తినేశారు.

ఇక్కడిదాకా నిజంగానే అనుకోకుండా జరిగింది వదినా. తర్వాతది నా పని. రెండు కూడళ్ళ ముందే నాకర్థమైంది మీ ఊరి వైపు వచ్చామని. అక్కడ్నుంచి బొండాంకి బిస్కెట్టు నేను అనుకున్న చేతికే ఇచ్చాను.

పెద్ద కూడలిలో బోర్డు వచ్చింది. పిడుగు కూడబలుక్కుని చదివి, "అత్త ఊరు!" అని అరిచింది.

"ఆపు" అన్నారు.

ఆపాను. దిగారు. "మీరు వెళ్ళండి, నేను బస్సులో ఇంటికెళ్తా" అని రోడ్డు వారనే నడక మొదలుపెట్టారు. అక్కడ బస్సేది, బస్సు నీడ కూడా లేదు. నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఏమేం అన్నానో రాయను. బొండాం నాన్న వెళ్ళిపోతున్నాడని ఏడుపు. చెప్పుల్లేని కాళ్ళతోనే దిగి వెనకాల పరిగెత్తాడు. అప్పుడు ఆగి, వాణ్ణెత్తుకుని, మైలురాయి మీద కూలబడ్డారు. పిడుగు వెళ్ళి అడిగింది. "అత్త నిన్ను తిడుతుందా నాన్నా?"

"తిట్టదమ్మా. అత్త ఏమీ అనదు. అదే..." అని బొండాం అరికాళ్ళకంటిన మట్టి దులపసాగారు.

వెనక్కి తిప్పేశాను. దారిలో పిల్లలు నిద్రపోయారు. ఇంటికొచ్చాక సీట్లు తుడిచారు, లోపలి పట్టాలు తీసి కడిగారు. కారు మీద గుడ్డ మాత్రం మళ్ళీ కప్పలేదు. అది మంచికో చెడుకో నాకు తెలీదు. నువ్వే చెప్పు.

నీ మరదలు

*

స్కూలు

మరదలు పిల్లా,

నీ ఉత్తరం చదువుతూ వాంతి దగ్గర పడీ పడీ నవ్వాను. బిస్కెట్టు దగ్గర నవ్వు ఆగిపోయింది. నా తమ్ముణ్ణి పశువుని తోలుకొచ్చినట్టు తోలుకురాకమ్మా. పిల్లాడి చేతిలో బిస్కెట్టు పెట్టి తోలుకురావడం మరీ అన్యాయం. వాడికి రావాలనిపిస్తే వాడి కాళ్ళతో వాడొస్తాడు. లేకపోతే లేదు. నాకు పట్టింపు లేదు.

ఇలా రాసి నిన్న ఉత్తరం మడిచి పెట్టేశాను. ఇవాళ మళ్ళీ విప్పాను. నువ్వు చేసిన పని ఉన్నదున్నట్టు రాశావు. నేను నీ చెవిలో పువ్వులు పెడుతూ కూర్చోవడం బాగాలేదు.

ఆ రోజు మీరు వెనక్కెళ్ళడం నాకు మంచిదైంది. వచ్చుంటే చూసేదానివి. నా మోకాలు వంగదు. వంగుతుందని డాక్టరు చెప్పిన గడువు ఎప్పుడో దాటిపోయింది, ఇప్పుడు ఆయన కూడా ఆ మాట ఎత్తడు. కర్ర లేందే గుమ్మం దాటలేను. రిలే పిల్లలున్న మాట నిజం, వాళ్ళు సిగ్గుపడే మాటా నిజం, కానీ వాళ్ళని పరిగెత్తించేది నేను కాదు, కొత్తగా వచ్చిన పంతులమ్మ. నేను కిటికీలోంచి చూస్తాను. నన్ను ఆటసామాను గదిలో కూర్చోబెట్టారు. బంతులకి గాలి కొట్టడం, తెగిన నెట్లు కుట్టడం, ఎవరికిచ్చిన బ్యాటు ఎవరి దగ్గరుందో అడగడం. పిల్లలు నన్ను సామాన్ల టీచరంటారు. ఎదురుగా అనరు, నా చెవులకి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు కదా, వినిపిస్తుంది. స్కూలు క్వార్టర్సులో మేడ మీద ఉండే నన్ను కింది గదికి మార్చారు. పోనీలే, మెట్లెక్కే బాధ తప్పింది.

వాడికి చెప్పకు. నాకు పోయింది ఒక మోకాలే. ఇది వింటే వాడు మనిషే పోతాడు. బాగున్నానని చెబుతూ ఉండు. నాకు అలవాటైపోయింది, నువ్వూ అలవాటు చేసుకో.

కారు మీద గుడ్డ కప్పకపోవడం మంచికే. వారానికోసారి స్టార్టు చేస్తూ ఉండు, లేకపోతే కొత్త బ్యాటరీ కూడా పోతుంది.

మీ వదిన

*

పళ్ళ ల్యాబ్

వదినా,

ఆయనకి చెప్పేశాను.

నీ ఉత్తరం ఇక్కడే చదివి, ఇక్కడే కూర్చుని ఏడ్చి, ఒకావిడ పై పలువరస పాడుచేసి, మా ఓనరుతో చివాట్లు తిని ఇంటికెళ్ళాను. నాకు ఏడుపు నీ కాలి గురించి కాదు. నీ ఫోనొచ్చినప్పుడల్లా "అక్క బాగుందట, పరిగెడుతోందట" అని నేను ఆయనకి చెబుతూ వచ్చాను చూడు, అందుకు. నువ్వు చెప్పిన అబద్ధం నా నోటితో మోశాను. ఆయన తలొంచుకుని విని బయటికెళ్ళిపోతుంటే, రాయిలాంటి మనిషని నేనే తిట్టుకున్నాను. వదినా, ఆయనకి తెలుసేమో నువ్వు చెప్పేది నిజం కాదని. డాక్టరు ఆ రోజు మోకాలు గురించి చెప్పింది ఆయనతోనే కదా. ఆ ఊహ ఇప్పుడొచ్చింది నాకు. నువ్వూ దాచి, ఆయనా తెలిసీ తెలియనట్టుండి, మధ్యలో నేను తపాలా బంట్రోతుని.

బొండాంకి గోళ్ళు తీస్తున్నారు అప్పుడు. ఒక్కో మాటా చెప్పేశాను. కర్ర, ఆటసామాను గది, కింది గది, అన్నీ. మిగతా గోళ్ళన్నీ జాగ్రత్తగా, ఒక్కటి కూడా లోతుగా పోకుండా తీశారు. వాణ్ణి దింపారు. అప్పుడు అడిగారు.

"కర్ర ఏ చేత్తో పట్టుకుంటుంది?"

తెలీదన్నాను.

"చూశావా, మనకి అది కూడా తెలీదు" అన్నారు.

వెళ్ళి కిందున్న కారు పక్కన నిలబడ్డారు, కిటికీలోంచి చూశాను. తలుపు తీసి, లోపలికి చూసి, మళ్ళీ వేసేశారు.

నేను చేసింది తప్పే అనుకో. కోపమొస్తే తిట్టు. నన్ను తిట్టు, ఆయన్నీ తిట్టు. ముఖ్యంగా ఆయన్ని తిట్టు వదినా, ఒక్కసారి.

నీ మరదలు

*

స్కూలు, ఆటసామాను గది

మరదలు పిల్లా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది, మీరు వెళ్ళిపోయిన మర్నాడు! మీ కారు మన తపాలా వాళ్ళకంటే నయం. తిట్టమని నువ్వు రాసింది చదవకుండానే తిట్టేశాను కాబట్టి నీ మాట చెల్లినట్టే.

మీరొస్తున్నట్టు నాకెలా తెలుస్తుంది చెప్పు? గది ముందు కుర్చీ వేసుకుని ఫుట్‌బాల్‌కి గాలి కొట్టుకుంటున్నాను. గేట్లోంచి మట్టి కొట్టుకుపోయిన కారొచ్చి ఆగి, అందులోంచి ఒక జడ ఉన్న పిడుగూ, జడ లేని పిడుగూ దొర్లుకుంటూ దిగారు. పిడుగే చెప్పింది నాకంతా. నాన్న ఆఫీసుకని తయారై, కారెక్కి వెనక సీట్లో కూర్చుని "పదండి" అన్నాడట. ఎక్కడికని అడిగితే "బయల్దేరండి ముందు" అన్నాడట. రెండో జడ కూడా వేయనివ్వలేదట. దానికి ఇంకా ఆ కోపం తీరలేదు.

కర్ర దాచబోయాను నేను. అలవాటు. అది కాస్తా దొర్లుకుంటూ వెళ్ళి వాడి కాళ్ళ దగ్గరే ఆగింది. వాడు తీసుకుని, ఇస్తూ, ఏ చేతికివ్వాలో తెలీక నిలబడ్డాడు. ఎందుకలా తెల్లమొహం వేశాడో అప్పుడు తెలీలేదు, నీ ఉత్తరం చూశాక తెలిసింది. ఎడమ చెయ్యి చాపాను.

తర్వాత నువ్వు పిల్లల్ని గ్రౌండుకి తీసుకెళ్ళావు. కావాలనే తీసుకెళ్ళావు, తెలుసు. వచ్చాక ఏం మాట్లాడుకున్నారని అడగలేదు. వాడు నీకు చెప్పడు. అందుకే నేను రాస్తున్నా.

చాలాసేపు నెట్టు ముడులు విప్పుతూ కూర్చున్నాడు. ఆఖరికి తలెత్తకుండానే అన్నాడు. "లారీ నా మీదికొచ్చింది అక్కా. నీ మీదికి కాదు. నేను నీ వైపు తిప్పాను. నన్ను నేను కాపాడుకున్నాను. ఎవరికీ తెలీదు ఆ సంగతి."

"నాకు తెలుసు. పక్కనే కూర్చున్నాగా" అన్నాను.

వాడు నా మొహం చూశాడు. రెండేళ్ళలో మొదటిసారి.

"నీ చోట నేనుంటే నేనూ అటే తిప్పేదాన్ని. ఎవరైనా అటే తిప్పుతారు, చెయ్యి మనల్ని అడిగి తిప్పదు" అన్నాను. "నాకు దాని మీద కోపం లేదు. కోపమంతా నువ్వు రానందుకు. జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగలేనప్పుడు లెక్కల మాస్టారి భార్య అన్నం తెచ్చి పెట్టింది. నాకో తమ్ముడున్నాడని ఆవిడకి తెలీదు. తమ్ముడున్నాడని చెప్పుకోడానికి సిగ్గేసింది రా నాకు" అన్నాను. ఆ తర్వాత నోరు ఆగలేదు. గ్రౌండులో పనికిరాక గొంతులో మిగిలిపోయిన తిట్లన్నీ వాడికే పడ్డాయి. వాడు తింటూ కూర్చున్నాడు. చిత్రం చూడు, తిట్టేకొద్దీ వాడి మొహం తేటపడుతూ వచ్చింది. నేను ఇన్నాళ్ళూ బాగున్నా బాగున్నా అంటూ వాడికి మందు వేస్తున్నాననుకున్నాను. వాడికి కావలసింది ఇదని నాకేం తెలుసు!

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది వాడు అసలే చెప్పడు.

రాత్రి మీరంతా నా దగ్గరే పడుకున్నారు కదా, మర్నాడు పొద్దున్న మీరు లేచేసరికి మేమిద్దరం లేం. బ్రెడ్డుకెళ్ళామని చెప్పాం. అది నిజమే. వీధి చివర కొట్టుకి నేను కర్రతో నడిచే వెళ్తాను రోజూ. ఆ రోజు మాత్రం "కారు తియ్యరా" అన్నాను. వాడు అటూ ఇటూ చూసి, నీ తాళాలు నీ బ్యాగులోంచి దొంగతనంగా తీసుకొచ్చాడు. డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. కాలు మడవడం కుదరక సీటు బాగా వెనక్కి జరిపాడు.

నీకు నేను చెప్పలేదు. వాడికీ, ఇంకెవరికీ చెప్పలేదు. ఆ రోజు తర్వాత నేను మళ్ళీ ఎవరి పక్కనా ముందు సీట్లో కూర్చోలేదు. బస్సులో మధ్యలో కూర్చుంటాను, కిటికీ పక్కన కూడా కాదు. ఇప్పుడు వాడి భయం తీర్చాలని పెద్ద ధీమాగా ఎక్కి కూర్చున్నాను.

చాలా మెల్లగా నడిపాడు. సైకిలు మీద పేపరబ్బాయి గంట కొట్టి దాటిపోయాడు. మలుపులో ఎదురుగా ఒక తోపుడుబండి వచ్చింది. ఉత్త తోపుడుబండి, దాని నిండా ఖాళీ సీసాలు. నేను "అమ్మో!" అని వాడి చొక్కా పట్టుకుని లాగేశాను. గుండీ ఊడొచ్చింది. వాడు బండి ఆపేశాడు. నాకు ఒళ్ళంతా వణుకు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, నీ బల్ల మీది పళ్ళలాగా, నోరు లేకుండా.

వాడు నా వైపే చూస్తున్నాడు. "నీకు కూడా భయమా అక్కా?" అన్నాడు.

"మరి ఉండదా? నేనేమైనా రాయినా?" అన్నాను.

"ఎప్పుడూ బాగున్నానంటావుగా."

"నువ్వు బాధపడతావని."

"నువ్వు అంత బాగుంటే, బాగాలేని మొహం వేసుకుని నీ దగ్గరికెలా రానూ?" అన్నాడు.

సీసాల అతను దగ్గరికొచ్చి, బండి ఆగిపోయిందా, తొయ్యమంటారా అని అడిగాడు. వద్దులే బాబూ, ఊరికే ఆపాం అన్నాడు వీడు. నా చెయ్యి వాడి చొక్కా ఇంకా వదల్లేదు. వాడూ వదిలించుకోలేదు. వణుకు తగ్గేదాకా అలాగే కూర్చున్నాం. వాడి చెయ్యి కూడా స్టీరింగు మీద వణుకుతూనే ఉంది, అది చూశాక నాకు కొంచెం ధైర్యమొచ్చింది.

"వెనక్కెళ్దామా?" అన్నాడు.

"ముందు బ్రెడ్డు" అన్నాను.

మళ్ళీ స్టార్టు చేశాడు. కొట్టు వచ్చింది. వాడు ఆపలేదు. నేనూ ఆపమనలేదు. స్కూలు గోడ దాటాం, నీళ్ళ ట్యాంకు దాటాం, ఇళ్ళు అయిపోయాయి, రెండు వైపులా చేలు వచ్చాయి. చాలాదూరం వెళ్ళాక గానీ బ్రెడ్డు సంగతి ఇద్దరికీ గుర్తురాలేదు.

అందుకే ఆ రోజు మీకు పొద్దున్న తినడానికి అంత ఆలస్యమైంది. పిల్లలు ఆకలికి ఏడ్చారన్నావు. తప్పు మా ఇద్దరిదీ.

మీ వదిన